తాగనివాళ్ళం గీసుకున్న ద్రాక్షతోటల దారి

మా చర్చిలో ప్రభువు బల్లకు ద్రాక్షారసం కాచేది నేనే. నాకు ముందు మా అత్తగారు కాచేవారు. నల్ల ద్రాక్ష శుభ్రంగా కడిగి, కొద్దిగా నీళ్ళు పోసి ఉడికించి, చల్లారాక చేత్తో పిసికి, పలచటి గుడ్డలో వడగట్టాలి. చక్కెర వేసి, రెండు లవంగాలు పడేసి మళ్ళీ మరిగించాలి. అందులో మత్తు ఉండదు, ఉండకూడదు కూడా. పొరపాటున కాస్త పులిసిందంటే ఆదివారం పొద్దున సంఘ పెద్దల ముఖాలన్నీ ఒకేసారి ముడుచుకుపోతాయి. ఆరాధన అయ్యాక మిగిలిన రసం పాస్టరుగారూ పెద్దలూ అక్కడే తాగేస్తారు. గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా మొక్క మొదట్లో పోస్తాం తప్ప కాలవలో పొయ్యం. ఒక్క చుక్క నేల మీద పడినా నా ప్రాణం ఉసూరుమంటుంది.

చిలకలూరిపేటలో సైన్సు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఆయన అంతకు ముందే పోయారు. రిటైరైన తర్వాత వచ్చిన మొదటి శీతాకాలంలో ఒక శనివారం వంటింట్లో కూర్చుని ద్రాక్ష పిసుకుతుంటే నాకు ఉన్నట్టుండి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఈ పండుకి ఇంత చాకిరీ చేశాను, దీని తీగ ఎలా పాకుతుందో కళ్ళతో చూడలేదు. మా చుట్టూ ఎటు చూసినా పత్తి, మిరప, కాదంటే పొగాకు. ఈ పండుతో చేసే అసలు వైన్ ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. మా ఊళ్ళో వైన్స్ అని బోర్డు పెట్టిన కొట్లో అదొక్కటి తప్ప మిగతావన్నీ దొరుకుతాయట. ఈ మాట చెప్పింది మా తమ్ముడు. వాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? చాలా ఏళ్ళు తాగాడు. మానేసి ఆరేళ్ళయింది.

వాడికి సొంత కారుంది, కిరాయికి తిప్పుతాడు. మిర్చి సీజన్లో గుంటూరు యార్డుకు వచ్చే బేరగాళ్ళను తీసుకెళ్ళి తీసుకురావడమే వాడి పని. తాగే రోజుల్లో వాడి కారెక్కాలంటే మా అమ్మ కూడా దణ్ణం పెట్టేసేది. ఇప్పుడు పాస్టరుగారు సైతం ఎక్కడికి వెళ్ళాలన్నా వాడికే ఫోన్ చేస్తారు. కాబట్టి ప్రయాణం ఆలోచన రాగానే మరో డ్రైవరు సంగతి నా బుర్రలోకే రాలేదు.

"ఒరేయ్, ద్రాక్షతోటలు చూసొద్దాం, వస్తావా?" అన్నాను.

"ఎప్పుడక్కా?" అన్నాడు. ఎక్కడికని కూడా అడగలేదు.

నాకు తోడు మా స్కూల్లో హిందీ చెప్పి నాకన్నా ఏడాది ముందు రిటైరైన టీచరు. ఆవిడకి రెండు గుణాలున్నాయి. హిందీతో మహారాష్ట్రలోనైనా మాట్లాడగలదు, దేనికీ సిగ్గుపడదు. వైన్ తోటలంటే నాసిక్ వెళ్ళాలని ఫోనులో ప్రతివాడూ చెబుతున్నాడు. ఆవిడ ఆ వీడియోలు నాలుగు చూసి పెదవి విరిచింది. "అక్కడంతా కుర్రకారు, టీచర్. పాటలూ గంతులూనూ. మనిద్దరం చేనేత చీరలు కట్టుకుని వెళ్తే మనల్నే ఫొటోలు తీస్తారు," అంది. ఆ మాట నిజమే అనిపించింది. పేరు పడని తోటలు కావాలి మాకు. ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు వెళ్ళి గ్లాసు పట్టుకుంటే ఎవరూ నవ్వని చోటు కావాలి. వెతగ్గా వెతగ్గా బీజాపూర్ వైపు కొన్ని, అది దాటి సాంగ్లీ దగ్గర కొన్ని, తిరుగు దారిలో చిక్కబళ్ళాపూర్ పక్కన నంది కొండల కింద ఒకటి దొరికాయి.

దారి చెప్పింది మాత్రం ఫోను కాదు, నాకు ద్రాక్ష అమ్మే పళ్ళ వ్యాపారి. హైవే పక్కన ఆయన కొట్టు. ఆయన లారీలు ఏటా అటునుంచి ద్రాక్ష పెట్టెలు తెస్తాయి. ఆయన వాళ్ళు ఇక్కడి ముస్లిములే, మాలాగే మాట్లాడతారు. నేనూ మా తమ్ముడూ వెళ్ళి సంగతి చెబితే ఆయన ముందు గడ్డం నిమురుకున్నాడు.

"టీచరమ్మా, నేను తాగను. మీరు తాగరు. ఇతను మానేశాడు. ముగ్గురం కూర్చుని వైన్ తోటలకి దారి వెతుకుతున్నాం. ఎవరన్నా వింటే నవ్వుతారండి."

"నవ్వితే నవ్వనీండి, మీరు దారి చెప్పండి," అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆయనకు తెలుసు.

ఆయన అట్ట పెట్టె ముక్క మీద స్కెచ్ పెన్నుతో గీశాడు. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, గిద్దలూరు దాటాక ఘాటు రోడ్డు, నంద్యాల, కర్నూలు, రాయచూరు, బీజాపూర్. ఘాటు రోడ్డు మీద పొద్దు పోయాక వెళ్ళొద్దన్నాడు. రాయచూరు దాటాక అన్నం దొరకదు, జొన్నరొట్టె దొరుకుతుందన్నాడు. మార్చి నెల దాటితే తోటల్లో ఆకులు తప్ప పండు ఉండదన్నాడు. వైన్ ద్రాక్ష మా మార్కెట్టుకి ఎప్పుడూ రాదని కూడా ఆయనే చెప్పాడు. చిన్న కాయ, మందం తొక్క, లోపలంతా గింజలు. "తెస్తే మన జనం నా మొహాన కొడతారు," అన్నాడు. మా తమ్ముడు ఆ అట్టముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చేలోపు రెండుసార్లు తీసి చూశాడు.

అక్కణ్ణుంచి వాడి హుషారు చూడాలి. కారు సీట్లకు కొత్త కవర్లు వేయించాడు. నాకు మెడ నొప్పని దిండు కొన్నాడు. పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, బీజాపూర్లో గోల్ గుంబజ్ ఉందంట, అదీ చూద్దామా?" అనేవాడు. మధ్యాహ్నం మళ్ళీ చేసి, సాంగ్లీ దగ్గర ద్రాక్ష ఎండబెట్టే షెడ్లున్నాయట, మన మిర్చి కళ్ళాల్లాగే ఉంటాయట అని చెప్పేవాడు. మిర్చి సీజన్ మొదలవుతున్న ఫిబ్రవరిలో వారం రోజులు బేరాలు వదులుకుంటున్నాడని నాకు తెలుసు. అడిగితే, "బేరాలు ఏటా ఉంటాయిలే," అన్నాడు. తమ్ముడు మళ్ళీ మా చిన్నప్పటి తమ్ముడయ్యాడని నేను మురిసిపోయాను.

ఇంతలో నాకొక చిక్కు వచ్చింది. వైన్ రుచి చూడ్డానికి ఒక పద్ధతి ఉందట. గ్లాసు గుండ్రంగా తిప్పాలి, వాసన చూడాలి, ఒక గుక్క నోట్లో పోసుకుని నాలుకంతా తడపాలి, ఆ తర్వాత ఉమ్మేయాలి. అందుకోసం బల్ల మీద ప్రత్యేకంగా ఒక కుండ పెడతారట. ఉమ్మేయడమేమిటి? నేను జన్మంతా చుక్క కింద పడకుండా కాపాడిన పదార్థాన్ని పదిమంది ముందు కుండలో ఉమ్మాలా? "అది వేరు, ఇది వేరు టీచర్," అంది హిందీ టీచరు. తెలుసు. సైన్సు టీచర్ని, నాకు తెలియకేం? కానీ తెలిసింది నోటికి తెలియాలి కదా.

సరే, అలవాటు చేసుకుందామని ఒక సాయంత్రం మా ఇంట్లో నేను కాచిన రసమే గాజు గ్లాసులో పోసి ప్రాక్టీసు పెట్టాం. హిందీ టీచరు గ్లాసు తిప్పింది, వాసన చూసింది, పుక్కిలించి సింకులో హాయిగా ఉమ్మేసింది. నేను నోట్లో పోసుకుని సింకు దాకా నడిచాను. నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మింగేశాను. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ మింగేశాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా తమ్ముడు పగలబడి నవ్వాడు.

"అక్కా, అక్కడ రోజుకి నాలుగు తోటలు పెట్టుకున్నాం. నువ్విట్టా అన్నీ మింగితే నిన్ను భుజాన వేసుకుని కార్లో పడెయ్యాల్సింది నేనే."

దాంతో పథకం మార్చాం. రోజుకి ఒకటే తోట. చివరికి ఎవరి తాగుడు గురించి భయపడాల్సి వచ్చిందో చూడండి, నా గురించి! నేనూ నవ్వాను. వాడి గురించి ఆ ఇంట్లో ఎవరం ఒక్క మాట అనుకోలేదు. వాడు డ్రైవరు, డ్రైవరు తాగడు, అంతే అనుకున్నాం.

రెండు రోజుల తర్వాత మా మరదలు, తమ్ముడి భార్య, ఒక్కతే వచ్చింది. గిన్నెలో చేపల పులుసు తెచ్చింది. ఆ పిల్ల ఊరికే రాదు, వచ్చినా కూర్చోదు. ఆ రోజు కూర్చుంది.

"వదినా, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు. మీరు వెళ్ళిరండి. ఆయన్ని మాత్రం తీసుకెళ్ళొద్దు."

"ఎందుకు? వాడికేమైంది? ఎంత సంతోషంగా ఉన్నాడో చూస్తున్నావు కదా," అన్నాను.

"అదే నా భయం. అప్పట్లో కూడా అంతే వదినా. తాగబోయే ముందు ఇల్లంతా సందడి చేసేవాడు. కారు కడిగేవాడు, పిల్లలకి ఏవేవో కొనేవాడు. ఆయన దిగులుగా ఉన్నాడంటే నాకు నిశ్చింత. నవ్వుతున్నాడంటే నాకు నిద్ర పట్టదు."

నాకు సర్రున కోపం వచ్చింది. మా తమ్ముణ్ణి నేనెత్తుకుని పెంచాను, వాడి సంగతి నాకు తెలియదా అన్నాను. ఆరేళ్ళు నిలబడినవాణ్ణి ఇలా అనుమానించడం పాపమన్నాను. ఆ పిల్ల తల దించుకోలేదు.

"మీకు తెలీదు వదినా. మీరు బడికి వెళ్ళొచ్చేవాళ్ళు. నేను ఇంట్లో ఉండేదాన్ని. మొన్న మీ ఇంట్లో గ్లాసులు తిప్పారంట కదా. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఏమయ్యా అంటే ఆకలి లేదన్నాడు. పొద్దున్నే మళ్ళీ ఈల వేసుకుంటూ కారు కడిగాడు."

ఆమె వెళ్ళాక పులుసు గిన్నె మూత కూడా తియ్యలేదు నేను. నా కోపమంతా ఆమె మీద కాదు. ఆమె చెప్పింది నిజమేమో అన్న దాని మీద. ఒక మనిషి సంతోషాన్ని చూసి భార్య వణికిపోతుంటే, అదే సంతోషాన్ని చూసి అక్క మురిసిపోతోంది. ఇద్దరిలో ఎవరికి వాడు బాగా తెలుసు?

ఆ వారంలో అద్దంకిలో ఒక పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. వాడి కార్లోనే, మేమిద్దరమే. హైవే మీద స్పిన్నింగు మిల్లులు దాటే దాకా నోరు మూసుకున్నాను. ఆ తర్వాత నావల్ల కాలేదు. మరదలు వచ్చిందనీ ఏమన్నదీ మొత్తం చెప్పేశాను. చెప్పకూడదేమో. కానీ నాకు కడుపులో దాచుకోవడం చేతకాదు.

వాడు ఎగిరిపడతాడనుకున్నాను. కారు వేగం తగ్గించాడు. పక్కన మిరపకాయలు ఆరబోసిన కళ్ళం దగ్గర ఆపాడు. ఘాటుకి ఇద్దరం దగ్గాం. అద్దాలు ఎత్తేశాడు.

"అది చెప్పింది నిజమేనక్కా," అన్నాడు.

"మరి భయం లేదా నీకు?"

"ఎందుకు లేదు? రోజూ ఉంటది. ఆ రోజు నువ్వు గ్లాసు తిప్పుతుంటే నవ్వాను చూడు, నా చేతులు జేబులో పెట్టుకుని నవ్వాను."

"మరి ఎందుకొస్తానన్నావురా?"

వాడు స్టీరింగు మీద బొటనవేలితో గీశాడు.

"పిలిచావు గదా. తాగేటప్పుడు పిలిచేవాళ్ళు తాగుదామని పిలిచేవాళ్ళు. మానేసినాక వాళ్ళు పిలవడం మానేశారు. మిగతావాళ్ళు కారు కావాలంటే పిలుస్తారు. ఎక్కడికన్నా పోదాం రారా అని ఈ ఆరేళ్ళలో నన్ను పిలిచింది నువ్వొక్కదానివే."

నేను కూడా డ్రైవరు కోసమే పిలిచాను. ఆ మాట నోటి దాకా వచ్చింది, చెప్పలేకపోయాను. సిగ్గుతో ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. కళ్ళంలో ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళనే చూస్తూ, "అయితే మానేద్దాంరా. ఆ వైన్ తాగకపోతే నాకేం తక్కువ?" అన్నాను.

అప్పుడు వచ్చింది వాడికి కోపం.

"మానొద్దు. నా మూలాన మన ఇంట్లో ఎన్ని ఆగిపోయినయ్యో నీకు తెలియదా? అమ్మ కంటి ఆపరేషన్ ఆగింది. నా పిల్లకి వచ్చిన సీటు పోయింది. ఇంకోటి ఆపి అది కూడా నా నెత్తిన పెట్టొద్దు. నేను రాను. నువ్వు పోయిరా. కారు తీసుకుపో." కాస్త ఆగి గొంతు తగ్గించి, "అక్కడ తాగినాక నాకు ఫోన్ చెయ్యి. ఎట్టా ఉందో చెప్పు," అన్నాడు.

పెళ్ళిలో ఏం తిన్నానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. దారంతా వాడు మామూలుగానే మాట్లాడాడు.

మంగళగిరిలో వాడికి తెలిసిన పెద్దవయసు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ఇద్దరూ కార్లు మార్చుకున్నారు. ఆయన మా తమ్ముడి కారు మాకు నడుపుతాడు, వాడు ఆయన కారులో బేరాలు చూసుకుంటాడు. బయల్దేరే పొద్దున వాడు టైర్లలో గాలి చూశాడు, పళ్ళ వ్యాపారి గీసిన అట్టముక్క ఆయన చేతిలో పెట్టాడు, నా మెడ కింద దిండు సర్దాడు. ఈలా లేదు, నవ్వూ లేదు. మరదలు పులిహోర డబ్బా ఇస్తూ కిటికీలోంచి లోపలికి వంగింది.

"ఆయనకి ఫోన్ చేస్తారంట కదా. మీకు దణ్ణం పెడతాను వదినా, బాగుందని మాత్రం చెప్పకండి."

చెప్పనన్నాను. ఒట్టు పెట్టుకోలేదు గానీ, చెప్పననే అనుకున్నాను. ఆరేళ్ళు ఆ పిల్ల ఎలా కాపలా కాసిందో నాకు ఆ వారంలోనే కొంచెం అర్థమైంది. నా ఒక్క మాటతో అదంతా పోతే నేను మళ్ళీ వాళ్ళింటి గడప తొక్కగలనా?

బీజాపూర్ దాటాక మేము వెళ్ళిన మొదటి తోట చాలా చిన్నది. నేల మన రేగడి లాంటిదే. ఎండిన పత్తికట్టెలు పీకేసి వాటి స్థానంలో తీగలు పాతారా అనిపించింది. తీగలు మనిషి నడుమెత్తున వరసగా కడ్డీలకు కట్టి ఉన్నాయి. కాయలు పళ్ళ వ్యాపారి చెప్పినట్టే చిన్నవి, నల్లవి, తొక్క మందం. ఒకటి కొరికితే నోరంతా గింజలే. ఇన్నేళ్ళుగా నేను పిసికిన పండుకి చుట్టం, ఇంత పొట్టి తీగకు కాస్తుందని చూసి, ఎందుకో చేత్తో ఆ కొమ్మ నిమిరాను.

రేకుల షెడ్డులో బల్ల వేసి గ్లాసులు పెట్టారు. మా పక్కన ఎవరూ లేరు. కుండ కూడా పెట్టారు. హిందీ టీచరు దర్జాగా ఉమ్మేసింది. నేను మొదటిది, తెల్లది, మింగాను. పుల్లగా ఉంది, అందులో తీపి లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాను. ఇంతేనా అనుకున్నాను. హమ్మయ్య, తమ్ముడికి అబద్ధం చెప్పక్కర్లేదు అని కూడా అనుకున్నాను. రెండోది ఎర్రది. ముందు వగరుగా తగిలింది. నాలుక పట్టేసింది. తర్వాత గొంతులోంచి దిగుతూ ఛాతీ అంతా వెచ్చబడింది. నెమ్మదిగా భుజాలు వదులయ్యాయి. మా ఆయన పోయిన దగ్గర్నుంచి నా భుజాలు బిగుసుకునే ఉన్నాయని అవి వదులయ్యాకే తెలిసింది. ఇంకొంచెం పొయ్యమన్నాను. బాగుంది. ఎలా చెప్పినా, ఎటు తిప్పినా, అది బాగుంది.

ద్రాక్ష వరసల మధ్యకు నడిచి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"తాగావా అక్కా?"

"తాగాన్రా."

"ఎట్టా ఉంది?"

"పుల్లగా ఉంది," అన్నాను. మరదలి ముఖం నా కళ్ళ ముందే ఉంది.

వాడేమీ అనలేదు. వెనకాల లారీల హారన్లు వినిపిస్తున్నాయి, ఏదో మిల్లు ముందు బేరం కోసం నిలబడి ఉన్నాడు. ఆ మౌనం నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ వాడితో ఎవరైనా అబద్ధమాడితే వాడు తిరిగి అడగడు, ఊరుకుంటాడు. మేమందరం వాడితో ఆరేళ్ళుగా అదే మాట్లాడుతున్నాం. అది చండాలమనీ, కంపనీ, దరిద్రమనీ, దాన్ని వదిలి మంచిపని చేశావనీ. వాడు ప్రతిసారీ ఇలాగే ఊరుకున్నాడు.

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"కాదురా. అబద్ధం చెప్పాను. బాగుంది. చాలా బాగుంది."

అటువైపు గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఫోనులో తెలియలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చేసింది.

"ఏడవకక్కా," అన్నాడు. "నేనిప్పుడు ఏ కొట్టుకీ పోనులే, బేరం ఉంది, మధ్యాహ్నం ఇంటికి అన్నానికి పోతా. అందరూ చెడ్డది మానేశావన్నారు. బాగున్నదాన్ని మానేశానని నువ్వొక్కదానివే ఒప్పుకున్నావు."